నీలి చిప్ మీద ఎరుపు: గాలిలో కాల్చిన రెండు ఫాస్ఫర్ల ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలి చిప్, దాని మీద పసుపు యాగ్-సీరియం ఫాస్ఫర్ పొడి. ఫాస్ఫర్ అంటే ఒక రంగు వెలుగును పీల్చి ఇంకో రంగులో వదిలే పదార్థం. ఆ పొడి వెలుగు 550 నానోమీటర్ల చుట్టూ గట్టిగా ఉండి, ఎరుపు వైపు 600 దాటాక పలచబడిపోతుంది. అందుకే హైదరాబాద్ లాడ్ బజార్ దుకాణంలో చవక కూల్‌వైట్ పట్టీ కింద ఎర్ర లక్క గాజు ఇటుక రంగులో కనిపిస్తుంది, గుమ్మం దాటి ఎండలో చూస్తే ఎరుపు. దీపం పెట్టె మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే సగటు అంకె) 80 అని ఉన్నా, ముదురు ఎరుపును కొలిచే ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. ఆర్9 ఆ సగటులో కలవదు మరి.

ఆ లోటు తీర్చే ఎర్ర ఫాస్ఫర్‌ను జీడిమెట్ల షెడ్డులో ఉన్న సరంజామాతోనే చేయాలన్నది ఈ ప్రాజెక్టు. సిలికాన్ కార్బైడ్ కడ్డీల మఫిల్ ఫర్నేస్ (1,400 డిగ్రీల వరకు), అగేట్ కల్వం, 0.01 గ్రాము త్రాసు, అల్యూమినా మూసలు. వాయు సిలిండర్లు లేవు, గ్లవ్ బాక్స్ (బయటి గాలి చొరని పెట్టె) లేదు. కాల్పు అంతా మామూలు గాలిలోనే.

ముందే పక్కన పెట్టినవి

మార్కెట్లో ఎరుపు అంటే ప్రధానంగా రెండు కుటుంబాలు. మొదటిది యూరోపియం కలిపిన నైట్రైడ్లు. కాల్షియం అల్యూమినియం సిలికాన్ నైట్రైడ్ 650 దగ్గర వెడల్పాటి ఎరుపునిస్తుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ దాని ముడిసరుకులో కాల్షియం నైట్రైడ్ ఉంటుంది. తేమ తగిలితే అది అమ్మోనియా వదులుతూ చెడిపోతుంది. పైగా 1,600 డిగ్రీలు దాటిన వేడి, ఒత్తిడిలో నైట్రోజన్ కావాలి. మన ఫర్నేస్‌కు అందని పని.

రెండోది పొటాషియం సిలికాన్ ఫ్లోరైడ్‌లో మాంగనీస్. 631 దగ్గర సన్నటి గీతలు, కంటికి చక్కటి ఎరుపు. కాల్పే అక్కర్లేదు, ద్రావణంలోంచి పొడి దిగుతుంది. ఆ ద్రావణం మాత్రం గాఢ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అది చర్మంలోంచి లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని లాగేస్తుంది. నొప్పి ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ప్రమాదం తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. ఆమ్లానికి తగ్గ ఫ్యూమ్ హుడ్, కాల్షియం గ్లూకోనేట్ జెల్, శిక్షణ ఉన్న మనిషి లేని చోట ఆ సీసా మూత తీయకూడదు. ఇంట్లో, షెడ్డులో ఎవరూ ప్రయత్నించవద్దు.

మిగిలినవి గాలిలో కాలే ఆక్సైడ్లు. అందులోంచి రెండు తీసుకున్నాం:

ఇ-వరుస: లిథియం యూరోపియం మాలిబ్డేట్. వెలుగు 616 దగ్గర.
మ-వరుస: స్ట్రాన్షియం 4, అల్యూమినియం 14, ఆక్సిజన్ 25 నిష్పత్తి ఉన్న అల్యూమినేట్‌లో మాంగనీస్ 4+ (నాలుగు ధనావేశాలున్న అయాన్). వెలుగు 652 దగ్గర.

ఇ-1: బరువులు

10 గ్రాముల పొడికి:

యూరోపియం ఆక్సైడ్ 3.68 గ్రా.
మాలిబ్డినం ట్రైఆక్సైడ్ 6.01 గ్రా.
లిథియం కార్బొనేట్ 0.78 గ్రా. (లెక్క ప్రకారం 0.77, లిథియం కొంత ఆవిరైపోతుంది కాబట్టి 1 శాతం అదనం)

యూరోపియం ఆక్సైడ్‌ను ముందురోజు 900 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, డెసికేటర్‌లో (తేమ చేరని పాత్ర) చల్లార్చి తూచాలి. అరుదైన మృత్తికల ఆక్సైడ్లు గాలిలోంచి నీటినీ కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటాయి. ఆగస్టు ముసురులో తెరిచి ఉంచిన డబ్బాలోంచి తూస్తే బరువులో కొంత తేమే. లాంథనం ఆక్సైడ్ అంత మొండిది కాదు యూరోపియం, అయినా ఖరీదైన సరుకు, లెక్క తప్పనివ్వకూడదు.

యూరోపియం వాటా తగ్గించి కొంత ఇట్రియం వేసి ఖర్చు తగ్గించవచ్చా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. వేయవచ్చు, పొడి మెరుస్తుంది కూడా. కానీ ఈ పదార్థానికి అసలు బలహీనతే నీలాన్ని తక్కువగా పీల్చడం. పీల్చేది యూరోపియమే. దాన్ని సగం చేస్తే పీల్చడమూ దాదాపు సగమవుతుంది. చాలా ఫాస్ఫర్లలో వెలిగే అయాన్ ఎక్కువైతే ఒకదాని శక్తిని ఒకటి తినేసి వెలుగు చస్తుంది. ఈ మాలిబ్డేట్‌లో ఆ జబ్బు తక్కువ, అందుకే నూటికి నూరు యూరోపియం వేశాం.

ఇ-1: కాల్పు

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి 40 నిమిషాలు నూరాం, నీడలోనే. మాలిబ్డినం ఆక్సైడ్ ఆల్కహాల్‌తో తడిగా ఉన్నప్పుడు ఎండ తగిలితే నీలి ఛాయ తిరుగుతుంది. కంగారు అక్కర్లేదు, గాలిలో కాలితే పోతుంది.

నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 500 దాకా, అక్కడ 4 గంటలు. చల్లార్చి మళ్లీ నూరి, మూత పెట్టి 800 దగ్గర 6 గంటలు.

ఆ మొదటి మెట్టు ఎగ్గొట్టకూడదు. మాలిబ్డినం ఆక్సైడ్ 795 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 700 దాటగానే ఆవిరవడం మొదలుపెడుతుంది. నేరుగా 800కి లాగితే లిథియంతో, యూరోపియంతో కలవకముందే కొంత గాల్లో కలిసిపోతుంది. తలుపు లోపలి అంచు చల్లగా ఉండే చోట తళతళలాడే సన్నటి సూదులు పేరుకుంటాయి. అవి కనిపిస్తే నిష్పత్తి పోయినట్టే. కడ్డీలకూ ఆ ఆవిరి మంచిది కాదు.

దీనికి త్రాసే మంచి సాక్షి. కార్బొనేట్‌లోంచి పోవలసిన కార్బన్ డయాక్సైడ్ మొత్తం మిశ్రమంలో 4.4 శాతం. మూసతో సహా ముందూ వెనకా తూచి చూస్తే 4.4 దగ్గర ఉంటే సరి. 6, 7 శాతం పోయిందంటే పోయింది మాలిబ్డినమే. ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) పంపేముందే ఈ లెక్కతో సగం సంగతి తెలిసిపోతుంది.

800 మించి ఎక్కిస్తే స్ఫటికాలు పెద్దవవుతాయి గాని పొడి ముద్దకట్టి మూసకు అతుక్కుంటుంది. దాన్ని బలవంతంగా దంచితే స్ఫటికం ఉపరితలం పాడై వెలుగు తగ్గుతుంది. వేలితో నొక్కితే విడిపోయే గడ్డ రావాలి.

మూసలోంచి వచ్చింది తెల్లటి పొడి. 395 యూవీ టార్చి కింద నిప్పుకణికలా ఎర్రగా మండింది.

ఇ-1: నీలి చిప్ మీద

దీపాల తయారీకి వాడే ఒక వాట్ నీలి చిప్ (452 నానోమీటర్లు) మీద అదే పొడిని పెడితే నీలి వెలుగులో తెల్ల పిండిలా పడి ఉంది. ఎరుపు జాడ మాత్రమే.

పొడిలో లోపం లేదు. యూరోపియం 3+ నీలంలో పీల్చేది 465 దగ్గర ఒక్క సన్నటి గీత, వెడల్పు కొద్ది నానోమీటర్లే. యూవీ వైపు 395 దగ్గర ఇంకో గీత, అది ఇంకా బలమైనది. ఈ రెండింటికీ మధ్య దాదాపు ఖాళీ. దీపాల చిప్‌లు 445 నుంచి 455 మధ్య ఉంటాయి, అంటే సరిగ్గా ఆ ఖాళీలో.

465–470 నీలం కావాలంటే దీపాల చిప్ అడగకూడదు, అలంకరణ పట్టీల్లోని ఆర్‌జీబీ ఎల్‌ఈడీ అడగాలి. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 5050 ఆర్‌జీబీ పట్టీలో నీలి గింజ సాధారణంగా ఆ కోవదే. మూడు రంగుల్లో నీలానికి మాత్రమే కరెంటిచ్చి, దాని మీద పొడి వేసి, పైన నారింజ రంగు జిలటిన్ కాగితం అడ్డుపెట్టి చూస్తే ఎరుపు స్పష్టంగా కనిపించింది. కాగితం తీస్తే మళ్లీ నీలమే ముంచేస్తుంది, ఎందుకంటే చిప్ వెలుగు వెడల్పు 20 నానోమీటర్లకు పైనే, అందులో ఆ సన్నటి గీత తినేది కొసరు మాత్రమే.

అమ్మేవాళ్లు "బ్లూ" అని ఒకే మాట అంటారు. రీలు లేబుల్ మీద తరంగదైర్ఘ్యం బిన్ (ఎన్ని నానోమీటర్ల నుంచి ఎన్నింటి దాకా అన్న వర్గం) చూడందే కొనకూడదు.

కొలత పెట్టె

స్పెక్ట్రోమీటర్ కొనలేదు. డీవీడీ పొర ముక్క (గాడుల మధ్య దూరం 740 నానోమీటర్లు), రెండు బ్లేడ్ల మధ్య సన్నటి చీలిక, నల్ల అట్టపెట్టె, ఫోను కెమెరా. కొలతబద్ద సరిచూసుకోవడానికి పాత సీఎఫ్ఎల్ దీపం చాలు. పాదరసం గీతలు 435.8, 546.1 దగ్గర స్థిరంగా ఉంటాయి. అదే దీపంలో 611 దగ్గర కనిపించే ఎర్రగీత ఇట్రియం ఆక్సైడ్‌లో యూరోపియం. మన ఇ-వరుసకు పెద్దన్న అన్నమాట, 254 యూవీ మీద బతుకుతుంది గనుక నీలి చిప్‌కు పనికిరాదు.

ఈ పెట్టెతో గీత ఎక్కడుందో తెలుస్తుంది, ఎంత బలంగా ఉందో తెలియదు. ఫోను ఎక్స్‌పోజర్ లాక్ చేసినా, కెమెరాలోని ఐఆర్ ఫిల్టర్ 650 పైన కోత మొదలుపెడుతుంది. బలాబలాలకు సిలికాన్ ఫోటోడయోడ్ (పడిన వెలుగును కరెంటుగా మార్చే భాగం) కరెంటు వాడాం, ముందు నారింజ కాగితంతో.

మ-1: బరువులు

10 గ్రాముల పొడికి:

స్ట్రాన్షియం కార్బొనేట్ 5.23 గ్రా.
అల్యూమినా, మైక్రాను కంటే సన్నది, 6.26 గ్రా.
మాంగనీస్ ఎసిటేట్ టెట్రాహైడ్రేట్ 0.152 గ్రా.
మెగ్నీషియం ఆక్సైడ్ 0.025 గ్రా.
బోరిక్ ఆమ్లం 0.58 గ్రా.

అల్యూమినియంలో 0.5 శాతం స్థానం మాంగనీస్‌కు, ఇంకో 0.5 శాతం మెగ్నీషియానికి. 3+ ఉన్న చోట 4+ కూర్చుంటే ఆవేశం తేడా వస్తుంది. పక్కనే 2+ మెగ్నీషియాన్ని కూర్చోబెడితే ఇద్దరి సగటు మూడవుతుంది, మాంగనీస్ 4+ గానే నిలుస్తుంది.

0.01 గ్రాము త్రాసు మీద 0.152, 0.025 తూచడం కుదరదు. మాంగనీస్ ఎసిటేట్ 1.52 గ్రాములు 100 మి.లీ. నీటిలో కరిగించి, పిపెట్‌తో 10 మి.లీ. తీసుకున్నాం. మెగ్నీషియాన్ని కూడా అసిటేట్ ద్రావణంగానే కలపడం తేలిక. ద్రావణం పోశాక కదపకుండా ఓవెన్‌లో ఆరబెట్టకూడదు. నీరు పైకి లాగుతూ మాంగనీస్‌ను కూడా పైపొరకు మోస్తుంది. కాలాక పైన గోధుమరంగు పెచ్చు, అడుగున రంగులేని పొడి వస్తాయి. గంజిలా చిక్కబడేదాకా హాట్‌ప్లేట్ మీద కలుపుతూనే ఉండాలి.

పింగాణీ కల్వం వద్దు, సిలికా ఊడి కలుస్తుంది. స్టీలు జల్లెడ అసలే వద్దు. ఇనుము మిలియన్‌లో కొద్ది పాళ్లు చేరినా ఉత్తేజాన్ని దొంగిలించి వేడిగా వదిలేస్తుంది. నైలాన్ జల్లెడ వాడాలి.

మ-1: కాల్పు

600 దగ్గర 2 గంటలు, ఆపై 1,250 దగ్గర 5 గంటలు, గాలిలో. బరువు తగ్గవలసింది దాదాపు 15.5 శాతం: కార్బన్ డయాక్సైడ్, బోరిక్ ఆమ్లంలోని నీరు, ఎసిటేట్ అన్నీ కలిపి.

బోరిక్ ఆమ్లం ఇక్కడ అలంకారం కాదు. అది లేకుండా కాలిస్తే కోరిన 4-14-25 (స్ట్రాన్షియం, అల్యూమినియం, ఆక్సిజన్ పాళ్లు) రాకుండా 1-2-4, 1-12-19 అల్యూమినేట్లు విడివిడిగా వస్తాయి. 1-12-19లో కూడా మాంగనీస్ ఎర్రగానే వెలుగుతుంది, కాబట్టి టార్చి పెట్టి చూసి "వచ్చింది" అనుకోవడానికి వీల్లేదు. ఏ నిర్మాణం వచ్చిందో ఎక్స్‌ఆర్‌డీయే చెప్పాలి. చర్లపల్లిలో సీ-మెట్, బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ లాంటి పదార్థ పరిశోధన సంస్థలున్న నగరంలో ఆ పరీక్ష డబ్బుకు చేసిపెట్టే చోటు దొరకడం కష్టం కాదు.

బోరిక్ ఆమ్లం ఎక్కువైతే గాజు పుడుతుంది. పొడి మూసకు అంటుకుపోయి, మూస పగలగొడితేగాని రాదు. మూస అడుగున అదే మిశ్రమం పలచగా పరిచి, దాని మీద అసలు నమూనా పోసి, అడుగు పొరను వదిలేయడం మేలు.

వానాకాలపు గాలిదుమారానికి మధ్యలో కరెంటు పోతే ఈ నమూనాకు నష్టం తక్కువ. కడ్డీలకు మంచిది కాదు గాని, చల్లారాక మళ్లీ నూరి మొదటి నుంచి ఎక్కిస్తే సరిపోతుంది. గాలిలో కాల్పు కాబట్టి మాంగనీస్ కిందిస్థాయికి దిగదు.

పొడి రంగును బట్టే చాలా తెలుస్తుంది. తెలుపుకు దగ్గరి లేత ఛాయ ఉంటే మంచిది. గోధుమరంగు వస్తే మాంగనీస్ ఎక్కువైందనో, ఒకచోట పోగైందనో అర్థం. ఆ గోధుమరంగు నీలాన్ని పీల్చి వెలుగివ్వదు.

452 చిప్ మీద పెడితే మొదటిసారే ఎరుపు. మాంగనీస్ 4+ నీలంలో పీల్చేది 450 చుట్టూ వెడల్పాటి పట్టీ. చిప్ బిన్ అటూ ఇటూ జరిగినా లెక్కలేదు. 395 టార్చి కింద మాత్రం ఇ-1 ముందు ఇది వెలవెలబోతుంది.

బిళ్లలు

రెండు భాగాల సిలికోన్ 4 గ్రా., పొడి 0.6 గ్రా. 40 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం అచ్చులో. వాక్యూమ్‌లో బుడగలు తీసి, 100 డిగ్రీల దగ్గర గంట, 150 దగ్గర 2 గంటలు.

సిలికోన్ గట్టిపడకుండా జిగురుగా మిగిలితే ముందు చేతొడుగులు చూడాలి. ప్లాటినంతో గట్టిపడే సిలికోన్‌ను రబ్బరు తొడుగుల్లోని గంధకం చంపేస్తుంది. నైట్రైల్ తొడుగులు వాడాలి. రబ్బరు బ్యాండు వేసిన కప్పు కూడా వద్దు.

పొడి బరువు, సిలికోన్ పలచన. ఓవెన్‌లో ఇంకా పలచబడి పొడి అడుక్కి చేరుతుంది. బిళ్ల ఒక ముఖం తెల్లగా, ఇంకో ముఖం గాజులా తేలితే జరిగింది అదే. చిక్కటి రకం సిలికోన్ తీసుకోవాలి, పెద్ద రేణువులను జల్లెడతో ముందే తీసేయాలి.

బిళ్లను చిప్‌కు అంటించలేదు, 10 మి.మీ. ఎత్తులో పెట్టాం. మ-1 బిళ్లను హాట్‌ప్లేట్ మీద 150 డిగ్రీలకు వేడిచేస్తే ఎరుపు కంటికి తెలిసేంత తగ్గుతుంది, చల్లారితే తిరిగొస్తుంది. చిప్ మీదే పూస్తే ఆ వేడి ఎప్పుడూ ఉంటుంది.

లక్స్ మీటరు చెప్పింది, ఫోటోడయోడ్ చెప్పింది

452 చిప్, 350 మిల్లీఆంపియర్లు, నారింజ కాగితం అడ్డం. ఫోటోడయోడ్ ప్రకారం మ-1 చాలా ముందుంది. లక్స్ మీటరు పెడితే ఆ ఆధిక్యం కరిగిపోయింది.

రెండు మీటర్లూ సరైనవే. లక్స్ మీటరు మనిషి కంటి వక్రరేఖను అనుసరిస్తుంది. కంటి స్పందన 555 దగ్గర 1 అనుకుంటే 616 దగ్గర సుమారు 0.43, 631 దగ్గర 0.25, 652 దగ్గర 0.1 మాత్రమే. అంటే ఒకే శక్తి గల ఎరుపు 616 దగ్గర ఉంటే 652 కంటే నాలుగు రెట్లకు పైగా ప్రకాశంగా కనిపిస్తుంది. మ-1 నీలాన్ని బాగా తిని, కంటికి అందని అంచున కక్కుతుంది. ఇ-1 కంటికి నచ్చే చోట వెలుగుతుంది, దానికి తిండే ఎక్కదు.

కాల్పు మార్చి మ-1ను 630కి లాగడం సాధ్యం కాదు. మాంగనీస్ 4+ వెలుగు ఎక్కడ పడుతుందన్నది చుట్టూ ఉన్న పరమాణువుల బంధాన్ని బట్టి ఉంటుంది. ఫ్లోరిన్ మధ్య ఉంటే 630 దగ్గర, ఆక్సిజన్ మధ్య ఉంటే సాధారణంగా 650 దాటి. ఫ్యాక్టరీలు అంత ప్రమాదకరమైన ఆమ్లాన్ని భరిస్తున్నది ఆ 20 నానోమీటర్ల కోసమే.

గాజుల పరీక్షలో యాగ్ తెల్ల దీపం పక్కన మ-1 బిళ్ల దీపం కూడా వెలిగిస్తే ఎర్ర గాజు ఎరుపెక్కింది, కానీ మొత్తం వెలుగు పెరగలేదు, కరెంటు మాత్రం పెరిగింది. దుకాణం దీపానికి ఇది గిట్టదు. మొక్కల దీపానికి గిట్టుతుంది: పత్రహరితం పీల్చే ఎరుపు 650–660 చుట్టూనే ఉంది, అక్కడ లక్స్ లెక్క వర్తించదు. మ-వరుస ఇకపై మిద్దెతోట దీపం కింద నడుస్తుంది.

తర్వాతి బ్యాచ్

మ-2: మాంగనీస్ 0.3 శాతం, అంటే అదే ద్రావణం 6 మి.లీ.; మెగ్నీషియం కూడా అదే పాళ్లలో తగ్గించి, అల్యూమినా 6.29 గ్రా. మిగతావి మారవు.

ఇ-2: మాలిబ్డినంలో సగం టంగ్‌స్టన్. 10 గ్రాములకు యూరోపియం ఆక్సైడ్ 3.11, మాలిబ్డినం ట్రైఆక్సైడ్ 2.54, టంగ్‌స్టన్ ట్రైఆక్సైడ్ 4.09, లిథియం కార్బొనేట్ 0.66 గ్రా. టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఇంత తేలిగ్గా ఆవిరవదు కనుక 850 దాకా పోవచ్చు. బరువు తగ్గవలసింది 3.8 శాతం. పరీక్ష 395 చిప్ మీద, 465 పట్టీ మీద మాత్రమే. 452 మీద పెట్టేది లేదు. 395 చిప్ వెలిగించే ముందు పసుపు పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోవాలి, ఆ వెలుగు కంటికి మసగ్గా కనిపిస్తుంది గాని శక్తి తక్కువేం కాదు.